కాలువ వెతుక్కుంటూ కొత్త ఊరికి

సొంతూళ్లో ఉన్న ఎకరం అమ్మి ఊరు కాని ఊళ్లో పొలం కొనడానికి ముందు డెల్టా రైతు చేసే పని ఒకటుంది: వెళ్లి చూసి రావడం. మంజీర నుంచి తుంగభద్ర దాకా, అక్కడి నుంచి మహానది దాకా ఎన్నో కొత్త పల్లెలు ఆ ప్రయాణాల్లోంచే పుట్టాయి. చూసి వచ్చినవారి కంటికి ఆననివి కూడా తక్కువేం కాదు.

కర్ణాటకలోని గంగావతిలోనో సింధనూరులోనో బస్సు దిగితే బోర్డులన్నీ కన్నడంలోనే కనిపిస్తాయి. పట్నం దాటి కాలువ గట్టు వెంట కాస్త దూరం వెళితే మాత్రం మాట మారుతుంది. టీ కొట్టు దగ్గర వడ్ల ధర గురించి సాగే చర్చ గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల యాసల్లో వినిపిస్తుంది. రామాలయం, రైసు మిల్లు, పురుగు మందుల దుకాణం, రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం - డెల్టా పల్లెను వేళ్లతో సహా తెచ్చి నాటినట్టుంటుంది. ఇలాంటి ఊళ్లకు స్థానికులు పెట్టిన పేరు 'క్యాంపు'. తొలినాటి గుడిసెలు పోయి డాబాలు లేచి దశాబ్దాలు గడిచినా ఆ పేరు మాత్రం పోలేదు.

ఈ క్యాంపుల కథను సాధారణంగా కష్టపడి పైకొచ్చిన రైతుల విజయగాథగా చెప్పుకుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ కథ మొదలయ్యేది మొదటి నాట్లతో కాదు, అంతకు ముందు జరిగిన ఒక చిన్న ప్రయాణంతో. ఊళ్లో నలుగురైదుగురు కూడబలుక్కుని, ఖర్చులకు డబ్బు చేతపట్టుకుని, ఎన్నడూ చూడని ప్రాంతానికి భూమి చూడ్డానికి వెళతారు. వారం పది రోజుల్లో తిరిగొస్తారు. వాళ్లు చెప్పే మాట మీద పది ఇరవై కుటుంబాలు తాతల నాటి పొలం అమ్మాలా వద్దా అన్నది తేల్చుకుంటాయి. పుట్టబోయే మనవలు ఏ భాషలో చదువుకుంటారు, ఏ రాష్ట్రంలో ఓటేస్తారు, ఎవరి నీళ్ల కోసం ఎవరితో పోట్లాడతారు అన్నవి కూడా ఆ వారం పది రోజుల్లోనే తేలిపోతాయి. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

మంజీర పిలుపు

ఈ వలసలకు మూలం కరువు కాదు, కలిమి. ధవళేశ్వరం వద్ద గోదావరి మీద 1852లో, బెజవాడ వద్ద కృష్ణ మీద 1855లో ఆనకట్టలు పూర్తయ్యాయి. ఆ తర్వాత రెండు మూడు తరాల్లో డెల్టా రైతుకు మూడు కలిసొచ్చాయి: వరి సాగులో ఆరితేరిన చెయ్యి, అమ్ముకోగా మిగిలిన డబ్బు, ఆ డబ్బును మళ్లీ భూమి మీదే పెట్టాలన్న తపన. ఇబ్బందల్లా భూమి పెరగకపోవడమే. అన్నదమ్ములు పంచుకునే కొద్దీ కమతాలు చిన్నవయ్యాయి, ఎకరం ధర మాత్రం ఆకాశాన్నంటింది. డెల్టాలో ఒక ఎకరం అమ్మిన డబ్బుతో మరో చోట చాలా ఎకరాలు వస్తాయన్న లెక్క అక్కడ పుట్టిందే.

ఆ లెక్క మొదట పెద్ద ఎత్తున పరీక్షకు నిలిచింది నిజాం రాజ్యంలో. మంజీర నది మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. రెండున్నర లక్షల ఎకరాలకు మించి నీళ్లివ్వడం లక్ష్యం. నీళ్లయితే వచ్చాయి గానీ, జొన్నలు, పప్పు ధాన్యాలు పండించడం అలవాటైన చోట కాలువ కింద తడి సాగు అంత వేగంగా విస్తరించలేదు. నీటి తీరువా రావాలంటే నీళ్లు వాడేవాళ్లు కావాలి. డెల్టా రైతులు వస్తామంటే ప్రభుత్వానికీ అభ్యంతరం లేకపోయింది. 1930వ దశకం చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ రావడంతో చెరకుకూ గిరాకీ ఏర్పడింది. బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో 'గుంటూరు పల్లెలు' అలా వెలిశాయి.

ఆనాడు గుంటూరు నుంచి నిజామాబాద్‌కు భూమి చూడ్డానికి బయల్దేరడమంటే ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్లడం కాదు. బ్రిటిష్ పాలనలోని మద్రాసు రాష్ట్రం దాటి నిజాం సంస్థానంలో అడుగు పెట్టడం. అక్కడ చెలామణిలో ఉన్నది హాలీ సిక్కా. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. భూమి చదవడం వచ్చిన రైతుకు కాగితం చదవడం రాదు. పొలం బాగుందో లేదో తనే తేల్చుకోగలడు, అది ఎవరి పేరున ఉందో తెలియాలంటే మాత్రం మరొకరి నోటి మాటను నమ్మాలి. కొత్త చోట భూమి చూసేవారిని ఈ చిక్కు ఈనాటికీ వదల్లేదు. లిపి మారిందంతే.

రాష్ట్రమే కదిలిపోయింది

రెండో పెద్ద అల తుంగభద్రది. 1945లో పునాది పడిన ఆనకట్ట నుంచి 1953లో నీళ్లు వదిలారు. హోస్పేట దగ్గర మొదలై 220 కిలోమీటర్లకు పైగా సాగే ఎడమ కాలువ గంగావతి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు వెళుతుంది. కింద దాదాపు ఆరు లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని రూపకల్పన. ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల వర్షం మీద ఆధారపడి జొన్న, పత్తి, వేరుశనగ పండించే నల్లరేగడి నేలలవి. బెజవాడ, గుంటూరుల నుంచి గుంతకల్లు, బళ్లారి మీదుగా హుబ్లీ వెళ్లే మీటర్ గేజ్ రైలు హోస్పేటలో ఆగేది. డెల్టా నుంచి వెళ్లేవారికి అంతకంటే సూటి దారి లేదు. అక్కడి నుంచి ముందుకు బస్సు, ఎడ్లబండి, కాలినడక. చివరికి సింధనూరుకు రైలు వచ్చింది 2024లో.

1954, 55 సంవత్సరాల్లో ఎడమ కాలువ కింద భూమి చూసి వచ్చిన రైతు దృష్టిలో రాయచూరు జిల్లా పరాయి రాష్ట్రమే అయినా, అది తెలంగాణ కూడా ఉన్న హైదరాబాద్ రాష్ట్రం. తెలుగు తెలిసిన అధికారులుండేవారు, రాజధానిలో తెలుగు వినిపించేది. 1956 నవంబర్ 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాల సరిహద్దులు మారాయి. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది, రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. 1973లో ఆ రాష్ట్రం కర్ణాటక అయింది. అంటే తొలినాళ్లలో వచ్చి స్థిరపడిన కుటుంబం గడప దాటకుండానే ఇరవై ఏళ్లలో మూడు రాష్ట్రాల పేర్లు చూసింది. కుడి గట్టున బళ్లారి ప్రాంతానిదీ దాదాపు అదే కథ. 1953 దాకా మద్రాసులో ఉన్న సిరుగుప్ప ప్రాంతం ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మైసూరులో చేరింది. మట్టిని, నీటిని, ధరను పరీక్షించి వచ్చినవారి జాబితాలో సరిహద్దు లేదు. ఉండే అవకాశమూ లేదు.

ఇదే కాలంలో మరికొందరు తూర్పు దారి పట్టారు. ఒడిశాలో మహానది మీద కట్టిన హీరాకుడ్ ఆనకట్టను 1957 జనవరిలో నెహ్రూ ప్రారంభించారు. అప్పటి సంబల్‌పూర్ జిల్లాలో భాగంగా ఉండి, 1993లో వేరు జిల్లా అయిన బర్‌గఢ్ ప్రాంతంలో తెలుగు రైతులు స్థిరపడ్డారు. ఆనకట్ట ఎక్కడ లేస్తే అక్కడికి డెల్టా నుంచి నలుగురు వెళ్లి చూసి రావడం ఆ రోజుల్లో ఆనవాయితీగా మారింది.

ఏం చూస్తారు?

భూమి చూడ్డానికి వెళ్లే బృందానికి రాసుకున్న నియమావళి ఏమీ ఉండదు. కానీ తరాల అనుభవం నేర్పిన క్రమం ఒకటి ఉంటుంది. మొదటిది మట్టి. పైపైన నల్లగా ఉంటే సరిపోదు, ఎంత లోతున నలుపు ఉందో తవ్వి చూడాలి. అడుగున గరుసు తగిలితే ఒక లెక్క, సుద్ద తగిలితే మరో లెక్క. గట్ల పక్కన తెల్లగా పూత పూసినట్టుంటే చౌడు. అది ఉన్న చోట ఎకరం ఎంత చవకైనా ఖరీదే.

రెండోది కాలం. వేసవిలో వెళితే నేల నెర్రెలు, బావుల అడుగులు, తాగునీటి కటకట కనిపిస్తాయి. వానాకాలంలో వెళితే మురుగు పోయే దారి ఉందో లేదో తెలుస్తుంది. అమ్మేవాడు ఎప్పుడూ కాలువ నిండుగా పారుతున్నప్పుడే రమ్మంటాడు. తెలివైనవాడు కాలువ కట్టేసినప్పుడు కూడా ఒకసారి వెళతాడు.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, కాలువ మీద పొలం ఉన్న చోటు. కాలువ మొదట్లో ఎకరం, చివర్లో ఎకరం కాగితం మీద ఒకటే. ఆయకట్టు జాబితాలో రెండింటికీ చోటుంటుంది, తీరువా కూడా రెండింటికీ పడుతుంది. నీళ్లు మాత్రం ఒక దానికే అందుతాయి. తూము ఎక్కడుంది, అది కాలువ మట్టానికి ఎంత ఎత్తులో ఉంది, పై రైతు ఏ పంట వేస్తున్నాడు - ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సినవే.

ఆపైన పొలం వాలు. మెట్ట పొలాన్ని మాగాణి చేయాలంటే మెరక తవ్వి పల్లం పూడ్చి మడులు కట్టాలి. కొన్న ధరకు దీటుగా ఈ ఖర్చు పెరిగే సందర్భాలుంటాయి. చవగ్గా వచ్చిందనుకున్న భూమి అసలు ధర తెలిసేది అప్పుడే. ఆ తర్వాత బజారు ఎంత దూరం, కూలీలు దొరుకుతారా, ఆస్పత్రి, బడి ఉన్నాయా అన్న ప్రశ్నలు వరుసగా వస్తాయి.

ఈ వరుసలో బడి ప్రశ్న చివర రావడం యాదృచ్ఛికం కాదు. భూమి చూడ్డానికి వెళ్లేది దాదాపు ఎప్పుడూ మగవాళ్లే. పొయ్యి రాజెయ్యాల్సిన, నీళ్లు మొయ్యాల్సిన, పురిటికి పుట్టింటి దాకా రెండు రోజులు ప్రయాణం చేయాల్సిన ఆడవాళ్లు ఆ ఊరిని మొదటిసారి చూసేది సామాను దించిన రోజే. ఎకరాల లెక్క వేసినవారు మంచినీటి బావి దూరం కొలవకపోవడానికి కారణం ఇదే. తొలి ఏళ్లలో గుడిసెల్లో కాపురాలు నెట్టుకొచ్చి, కూరగాయల పాదు నుంచి పాల లెక్క దాకా కొత్తగా మొదలుపెట్టి, పేరు కూడా తెలియని ఊరిని సొంతూరుగా మార్చినవారికి ఆ ఊరు ఎంచుకోవడంలో మాట లేకపోయింది.

చూపించేది ఎవరు?

కొత్త ప్రాంతంలో భూమి చూసేవారి కళ్లు వాళ్లవే అయినా, చూపు ఎటు తిప్పాలో చెప్పేది మరొకరు. ముందే వెళ్లి స్థిరపడ్డ బావమరిదో, బాబాయో, పక్క ఊరి మోతుబరో దారి చూపిస్తాడు. భోజనం, బస అతని దగ్గరే. వలస గొలుసుకట్టుగా సాగడానికి ఇదే కారణం. ఒక క్యాంపులో చాలా కుటుంబాలకు డెల్టాలో ఒకే మండలం మూలం కావడం కూడా ఇందువల్లే. తెలియని చోట తెలిసిన మనిషి ఉండటం కొండంత అండ.

అయితే చూపించే మనిషికి కూడా ఒక అవసరం ఉంటుంది. పరాయి చోట తన వాళ్లు పెరిగితే బలం పెరుగుతుంది, బడి వస్తుంది, మిల్లు నడుస్తుంది, పిల్లలకు సంబంధాలు దగ్గర్లో దొరుకుతాయి. అందుకే నీటి ఎద్దడి వచ్చిన ఏడాది గురించి అతను చెప్పకపోవచ్చు. అది అబద్ధం చెప్పడం కాదు, మాట దాటెయ్యడం. దీనికి విరుగుడుగా చాలామంది ఎంచుకున్న మార్గం కౌలు. ఒకటి రెండేళ్లు కౌలుకు చేసి, రెండు పంటలు తీసి, నీళ్లు ఎన్ని రోజులు వస్తాయో సొంతంగా లెక్కగట్టాక కొనడం. కృష్ణా ఎగువ ప్రాజెక్టు కింద నారాయణపూర్ కాలువ వెంట, ఇప్పటి యాదగిరి జిల్లాలోకి వెళ్లిన తెలుగు రైతుల్లో చాలామంది కౌలుతోనే మొదలుపెట్టారు. వారం పది రోజుల చూపు కంటే రెండు పంటల చూపు నమ్మకమైనది. తేడా వచ్చినా పోయేది కౌలు డబ్బే, తాతల నాటి పొలం కాదు.

చివరి భూముల మాట

చూసి వచ్చినవారు ఎంత జాగ్రత్తపడ్డా, తాము రావడం వల్ల ఏం మారుతుందో ముందుగా చూడలేరు. తుంగభద్ర ఎడమ కాలువను రూపొందించింది వరి కోసం కాదు. కరువు ప్రాంతంలో వీలైనన్ని ఎక్కువ ఎకరాలకు కొద్దికొద్దిగా నీళ్లిచ్చి పంటను కాపాడటం ఇంజినీర్ల ఉద్దేశం. ఏ సర్వే నెంబరులో ఏ పంట వేయాలో ముందే నిర్ణయించారు. జొన్న, పత్తి, వేరుశనగలకే పెద్ద పీట. వరికి, చెరకుకు కొద్ది భాగమే. కానీ తడి సాగు తెలిసిన చేతులకు నీళ్లు అందాక జొన్నతో సరిపెట్టుకోమంటే కుదరలేదు. నాట్లు పడ్డాయి. రైసు మిల్లులు లేచాయి. గంగావతి కర్ణాటక అన్నపూర్ణగా పేరు తెచ్చుకుంది. అక్కడి సోనా మసూరి బెంగళూరు, హైదరాబాద్ వంటిళ్లను జయించింది.

ఈ విజయానికి మూల్యం చెల్లించింది కాలువ చివర. జొన్నకు కావాల్సిన నీటికి కొన్ని రెట్లు వరికి కావాలి. ఎగువన మడులు నిండే కొద్దీ మాన్వి, రాయచూరు వైపు కాలువల్లో నీటిమట్టం పడిపోయింది. ఆయకట్టు జాబితాలో పేరుండి నీళ్లు అందని రైతులు దశాబ్దాలుగా రోడ్డెక్కుతూనే ఉన్నారు. ఎగువన కూడా అంతా సవ్యంగా ఏం లేదు. మురుగు పోయే దారి లేని నల్లరేగడిలో ఏళ్ల తరబడి నీళ్లు నిలిచి చాలా చోట్ల నేల ఊటెత్తింది, చౌడు తేలింది. భూమి చూసేనాడు ఏ తెల్లటి పూతను చూసి వద్దనుకున్నారో, ఆ పూత కొన్నాళ్లకు సొంత పొలంలోనే కనిపించడం విషాదం.

స్థానిక రైతుల కోణం నుంచి చూస్తే కథ మరింత భిన్నంగా ఉంటుంది. కాలువ వస్తుందని తెలిసినా, దాన్ని వాడుకోవడానికి కావాల్సిన పెట్టుబడి లేని మెట్ట రైతుకు బయటి నుంచి వచ్చిన మనిషి చెప్పిన ధర పెద్దదిగానే కనిపించింది. అమ్మేశాడు. పదేళ్ల తర్వాత అదే పొలం ధర చూసుకుంటే గుండె తరుక్కుపోయింది. ఒకప్పటి సొంత భూమిలోనే కూలికి వెళ్లాల్సి వచ్చిన కుటుంబాలున్నాయి. అలాగని దీన్ని ఒక పక్షం దోపిడీగా కొట్టిపారేయడం కూడా తేలిక కాదు. వలస వచ్చినవారిని చూసి వరి నేర్చుకున్న స్థానికులు చాలామందే. ఇవాళ నీటి తగాదాలు ఆంధ్రా, కన్నడ అన్న గీత వెంట కంటే ఎగువ, దిగువ అన్న గీత వెంటే ఎక్కువగా నడుస్తున్నాయి. ఎగువన కన్నడిగులూ వరే వేస్తారు, దిగువన తెలుగువారూ నీళ్ల కోసం అంగలారుస్తారు.

కాగితం చెప్పే ఊరు

కొత్త చోటును సొంతం చేసేది రిజిస్ట్రేషన్ పత్రం ఒక్కటే కాదు. సింధనూరు పరిసరాల్లో పుట్టి కన్నడ మాధ్యమంలో చదివిన మూడో తరం విషయమే తీసుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ సీటు దగ్గర ఆ పిల్లలు స్థానికేతరులు. అక్కడ స్థానికతకు గీటురాయి తాతల ఊరు కాదు, వరుసగా చదివిన ఏళ్లు. మరోవైపు 2012లో పార్లమెంటు ఆమోదించిన రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 371-జె అధికరణం రాయచూరు, కొప్పళ, బళ్లారి సహా అప్పటి హైదరాబాద్-కర్ణాటక ప్రాంతంలో పుట్టినవారికి, నిర్ణీత కాలం నివసించినవారికి చదువు, ఉద్యోగాల్లో ప్రత్యేక అవకాశాలు కల్పించింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు చట్టం దృష్టిలో సొంతూరు ఏదో ఈ రెండు నిబంధనలు కలిపి చూస్తే తేలిపోతుంది.

అందరికీ ఇంత సాఫీగా తేలలేదు. భూమి కొన్నవారి వెంట భూమి లేనివారు కూడా వచ్చారు. పాలేర్లుగా, కూలీలుగా వచ్చిన దళిత, గిరిజన కుటుంబాలకు కొత్త ఊరిని చూసి ఎంచుకునే అవకాశం రాలేదు. పైగా ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా గుర్తింపు ఉన్నవారు మరో రాష్ట్రానికి వలస వెళితే ఆ హోదా తోడు రాదని సుప్రీంకోర్టు 1990లో స్పష్టం చేసింది. తెనాలిలో పుట్టి మహారాష్ట్రకు వెళ్లిన ఒక విద్యార్థి కేసులో వచ్చిన తీర్పు అది. అంటే ఒకే బండిలో బయల్దేరినవారిలో ఒకరికి సరిహద్దు దాటితే ఎకరాలు పెరిగాయి, మరొకరికి ఉన్న రక్షణ పోయింది.

కొనుగోలు దగ్గరా గోతులున్నాయి. కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూములను నిబంధనలకు విరుద్ధంగా కొంటే, 1978 నాటి చట్టం ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని అసలు లబ్ధిదారులకు అప్పగించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనడాన్ని 1/70 నిబంధన నిషేధిస్తుంది. వ్యవసాయేతరులు సాగు భూమి కొనకుండా కర్ణాటకలో ఉన్న ఆంక్షలను 2020లో ఎత్తేశారు. దాంతో పొలం మొహం చూడని పట్నవాసులు కూడా భూమి వేటలో దిగారు. 2000 ప్రాంతంలో 'భూమి' ప్రాజెక్టు కింద కర్ణాటక పహణీలను కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నిజాం కాలంలో ఉర్దూ కాగితం ముందు తెల్లబోయిన రైతు మనవడు ఇవాళ ఫోన్లో పహణీ తెరిచి చూసుకోగలడు. అందులో యజమాని పేరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. ఆ పొలానికి నీళ్లు ఎన్ని రోజులు వస్తాయో మాత్రం ఉండదు.

గేటు కొట్టుకుపోయిన రాత్రి

నీళ్ల గ్యారంటీ ఎంత సన్నని గొలుసు మీద వేలాడుతోందో 2024 ఆగస్టు 10 రాత్రి అందరికీ అర్థమైంది. తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఖరీఫ్ పంట కళ్ల ముందుంది. నిండిన జలాశయం నుంచి నీళ్లు వృథాగా నదిలోకి పోతున్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు సారథ్యంలో పారే ప్రవాహంలోనే తాత్కాలిక గేటు పలకలు దించి నష్టాన్ని ఆపగలిగారు. కానీ ఏడు దశాబ్దాలు దాటిన ఆనకట్టను నమ్మి కూర్చోవడం ఎలాగన్న ప్రశ్న మిగిలింది. మరుసటి ఏడాది జలాశయాన్ని పూర్తిగా నింపకుండా తక్కువ మట్టంలోనే ఉంచాల్సి వచ్చింది.

గేటు సంగతి అలా ఉంచితే, 133 టీఎంసీల జలాశయం పూడిక వల్ల దాదాపు 105 టీఎంసీలకు కుంచించుకుపోయింది. నిజాంసాగర్ పరిస్థితి మరీ అన్యాయం. దాదాపు 30 టీఎంసీలుండే సామర్థ్యం 18 కంటే దిగువకు చేరింది. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీళ్లలో హైదరాబాద్ దాహం తీర్చే వాటా పెరిగింది. చెరకు వేయించిన బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. తాతలు చూసి ముచ్చటపడ్డ రెండు కారణాలూ మనవల కాలానికి ఇలా బలహీనపడ్డాయి. తుంగభద్రకు ఎగువన 2023 కేంద్ర బడ్జెట్‌లో రూ.5,300 కోట్లు ప్రకటించిన అప్పర్ భద్ర ప్రాజెక్టు దిగువ రైతుల్లో కొత్త గుబులు రేపింది. ఎప్పుడూ ఎగువన ఉన్నామనుకునే గంగావతి రైతు కూడా మరొకరికి దిగువేనని అది గుర్తు చేసింది.

చూసే హక్కు

కొత్త ఊరిని చూసి రావడం, నచ్చకపోతే వద్దనుకోవడం అందరికీ దక్కే భాగ్యం కాదు. పోలవరం ప్రాజెక్టు వల్ల లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. 2013 భూసేకరణ చట్టం పునరావాసం, భూమికి భూమి గురించి చాలా చెప్పింది. సాగునీటి ప్రాజెక్టుల్లో భూమి కోల్పోయిన ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలంది. కానీ కాలనీ ఎక్కడ కట్టాలి, భూమి ఎక్కడ ఇవ్వాలి అన్నది ప్రధానంగా నిర్ణయించేది కచేరీయే. గోదావరి ఒడ్డున అడవి మధ్య బతికిన కొండరెడ్డికి, కోయకు వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి వెళ్లి మట్టి తవ్వి చూసే వెసులుబాటు ఎవరిచ్చారు? డెల్టా రైతు తన సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో కొనే ముందు చేసుకునే పరీక్ష, ఇష్టం లేకుండా కదిలేవారికి ఇంకా ఎక్కువ అవసరం. ఇక్కడ తప్పు జరిగితే కౌలు డబ్బుతో పోదు.

ఇప్పటికీ వేట ఆగలేదు. గంగావతి పరిసరాల్లో ఎకరం ధర పెరిగే కొద్దీ క్యాంపుల్లోని రెండో, మూడో తరాలు ఇంకా ఉత్తరానికి, ఇంకా లోపలికి భూమి వెతుకుతున్నాయి. తాతలు రైల్లో వెళితే మనవలు కారులో వెళుతున్నారు. ఉపగ్రహ చిత్రంలో కాలువ చూసుకుని, పహణీ ఫోన్లో తెరిచి, సాయంత్రానికి ఇంటికి చేరుతున్నారు. ప్రయాణం తేలికైంది. చూడాల్సినవి మాత్రం పెరిగాయి: ఎగువన ఏ ప్రాజెక్టు రాబోతోంది, జలాశయంలో పూడిక ఎంత, ఈ పొలం ఒకప్పుడు ఎవరిది, మనం వరి వేస్తే ఎవరి చేను ఎండుతుంది.

భూమి చూడబోయేవారిని ఎవరైనా మొదట తీసుకెళ్లేది కాలువ మొదలు దగ్గరికే. అక్కడ పచ్చదనం కళ్లు చెదరగొడుతుంది. ఇంకో పూట కేటాయించి కాలువ చివరి దాకా వెళ్లి, అక్కడి రైతుతో నాలుగు మాటలు మాట్లాడి వస్తే కొనాల్సిన ధర ఎంతో, చెల్లించాల్సిన ధర ఎంతో రెండూ తెలుస్తాయి.